పాత లారీకి నాలుగు చక్రాల శక్తి: ఇరుసుల ఎంపిక వెనుక భౌతికశాస్త్రం

వాన వెలిసిన ఎర్రమట్టి ఘాట్ దారి. లారీ వెనుక చక్రం ఒకటి గిర్రున తిరుగుతూ బురద చిమ్ముతోంది. ఇంజిన్ గర్జిస్తోంది, బండి మాత్రం అంగుళం కదలడం లేదు. ముందు చక్రాలు మాత్రం కాస్త గట్టి నేల మీదే ఉన్నాయి. కానీ వాటికి తిరిగే శక్తి అందదు. అవి బరువు మోస్తాయి, దిశ మారుస్తాయి, అంతే. ఆ రెండు చక్రాలకు కూడా ఇంజిన్ శక్తిని పంపగలిగితే బండి గట్టెక్కేది కదా! పాత లారీని ఫోర్ వీల్ డ్రైవ్‌గా మార్చాలన్న ఆలోచన అక్కడే పుడుతుంది.

ఈ ఆలోచన కొత్తది కాదు. అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో మార్మన్-హెరింగ్టన్ సంస్థ 1930ల నుంచే ఫోర్డ్ లారీలను అన్ని చక్రాలూ తిరిగేలా మార్చి అమ్మింది. 1950ల్లో మినియాపొలిస్‌కు చెందిన నాప్కో సంస్థ షెవర్లే, జీఎంసీ వాహనాలకు ఇలాంటి మార్పిడి సామగ్రిని అందించింది. మన దేశంలో జర్మనీకి చెందిన మాన్ సంస్థ లైసెన్సుతో జబల్‌పూర్‌లో తయారైన శక్తిమాన్ లారీలు దశాబ్దాల పాటు సైన్యానికి సేవ చేశాయి. తరువాత ఆ స్థానంలోకి అశోక్ లేలాండ్ స్టాలియన్, టాటా ఎల్‌పీటీఏ వాహనాలు వచ్చాయి. సైన్యం వాడి వదిలేసిన ఇరుసులే ఇలాంటి మార్పిడికి ప్రపంచమంతటా ముఖ్య వనరు.

అయితే దొరికిన ఇరుసుల్లో బరువైనది తెచ్చి బిగిస్తే పని అయిపోదు. తప్పు ఇరుసు ఎంచుకుంటే నడుస్తున్న బండి నుంచి చక్రమే ఊడిపోవచ్చు. ఎంపిక ఎలా జరగాలో భౌతికశాస్త్రం దశలవారీగా చెబుతుంది.

బండి ఇరుసు, లారీ ఇరుసు

ఎడ్లబండి ఇరుసుకు ఉన్నది ఒకటే పని, బరువు మోయడం. లాగేవి ఎడ్లు. చక్రాలు ఇరుసు చివర్ల మీద స్వేచ్ఛగా తిరుగుతాయి. మామూలు లారీ ముందు ఇరుసు కూడా ఇలాంటిదే, దానికి చక్రాలు తిప్పే పని ఉండదు.

లారీ వెనుక ఇరుసుకు రెండు పనులు. ఒకటి బరువు మోయడం, రెండోది చక్రాలను తిప్పడం. బయటికి కనిపించే బలమైన ఉక్కు గొట్టం పేరు హౌసింగ్. దాని మధ్యలోని ఉబ్బెత్తు భాగంలో క్రౌన్, పినియన్ గేర్లు, డిఫరెన్షియల్ ఉంటాయి. అక్కడి నుంచి రెండు చక్రాలకు రెండు షాఫ్టులు వెళతాయి. ఫోర్ వీల్ డ్రైవ్‌లో ముందు ఇరుసుకు ఈ రెండు పనులతో పాటు దిశ మార్చే మూడో పని కూడా తోడవుతుంది. అందుకే మార్పిడిలో అసలు చిక్కంతా ముందు ఇరుసుతోనే.

ఇక్కడ లెక్కించేది టైర్లను కాదు, ఇరుసు చివరలను. వెనుక జంట టైర్లున్నా ఆ జంటను ఒక చక్రంగానే లెక్కిస్తారు.

ఎంత లాభం?

ఒక ఉదాహరణ తీసుకుందాం. లారీ మొత్తం బరువు 6,000 కిలోలు. అందులో ముందు ఇరుసు మీద 2,500, వెనుక ఇరుసు మీద 3,500 కిలోలు పడుతున్నాయి అనుకుందాం. తడి మట్టిలో టైరుకు, నేలకు మధ్య ఘర్షణ గుణకం 0.3 అనుకుంటే, వెనుక చక్రాలు మాత్రమే తిరిగినప్పుడు దొరికే గరిష్ఠ లాగుడు బలం 3,500 × 9.8 × 0.3, అంటే 10,290 న్యూటన్లు. నాలుగూ తిరిగితే 6,000 × 9.8 × 0.3, అంటే 17,640 న్యూటన్లు.

టైర్లు మెత్తటి మట్టిలో దిగబడుతూ దొర్లడానికే బండి బరువులో పదో వంతు బలం ఖర్చవుతుందనుకుందాం. మిగిలిన బలంతో వెనుక చక్రాల లారీ 100 మీటర్ల దూరానికి సుమారు ఏడున్నర మీటర్ల ఎత్తు ఎక్కగలదు. నాలుగు చక్రాల లారీ సుమారు 20 మీటర్లు ఎక్కుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు కొంత బరువు వెనక్కి జరుగుతుంది కాబట్టి ఈ అంకెలు కొద్దిగా మారతాయి, కానీ తేడా ఏ స్థాయిలో ఉంటుందో తెలుస్తుంది. ఇంజిన్ శక్తి పెరగలేదు. ఇన్నాళ్లూ ఊరికే కూర్చున్న 2,500 కిలోల బరువు ఇప్పుడు పనికొచ్చింది.

మొదటి ప్రశ్న: ఎంత మెలితిప్పు?

షాఫ్టును మెలితిప్పే ప్రభావాన్ని టార్క్ అంటారు. ఇంజిన్ టార్క్‌ను ప్రతి గేరు పెంచుతూ పోతుంది. ఇంజిన్ 300 న్యూటన్-మీటర్లు ఇస్తుంటే, మొదటి గేరు నిష్పత్తి 6, ట్రాన్స్‌ఫర్ కేస్ లో-గేరు 2, ఇరుసు నిష్పత్తి 6 అయితే ఇరుసుల దగ్గరికి చేరేది 300 × 6 × 2 × 6, అంటే 21,600 న్యూటన్-మీటర్లు.

నిజానికి ఇరుసు మీద ఇంత భారం పడదు. అంతకు ముందే టైరు జారిపోతుంది. టైరు ఎంత పట్టు ఇవ్వగలదో ఇరుసు మీద అంత టార్క్ మాత్రమే నిలబడుతుంది. పొడి నేల మీద ఘర్షణ గుణకం 0.8, టైరు వ్యాసార్ధం 0.45 మీటర్లు అనుకుంటే, ముందు ఇరుసుకు గరిష్ఠంగా 24,500 × 0.8 × 0.45, అంటే 8,820 న్యూటన్-మీటర్లు. ఒక విధంగా చూస్తే టైరే ఇక్కడ ఫ్యూజు.

మామూలు డిఫరెన్షియల్ ఈ టార్క్‌ను రెండు షాఫ్టులకు సమానంగా పంచుతుంది. అంటే ఒక్కో దానికి 4,410. అదే డిఫరెన్షియల్ లాక్ వేస్తే కథ మారుతుంది. ఒక చక్రం గాలిలో లేచి, ఇరుసు భారమంతా రెండో చక్రం మీద పడిన క్షణంలో మొత్తం 8,820 ఒక్క షాఫ్టే భరించాలి.

గుండ్రటి షాఫ్టు మెలితిప్పును తట్టుకునే శక్తి దాని వ్యాసం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 35 మిల్లీమీటర్ల షాఫ్టును 40కి పెంచితే మందం పెరిగింది 14 శాతమే, బలం మాత్రం దాదాపు 49 శాతం పెరుగుతుంది. పై ఉదాహరణలో 35 మిల్లీమీటర్ల షాఫ్టు మీద మామూలుగా 524 మెగాపాస్కల్ ఒత్తిడి పడితే, లాక్ వేసినప్పుడు అది 1,048కి చేరుతుంది. వేడి చికిత్స చేసిన మంచి మిశ్రమలోహ ఉక్కు సుమారు 600 మెగాపాస్కల్ వరకు శాశ్వతంగా మెలిక పడకుండా ఓర్చుకుంటుంది అనుకుంటే, లాక్ లేని బండికి 40 మిల్లీమీటర్లు నిశ్చింతగా సరిపోతుంది. అక్కడ ఒత్తిడి 351 మాత్రమే. లాక్ వేస్తే అదే షాఫ్టు మీద 702 పడుతుంది. అది చాలదు, 45 మిల్లీమీటర్లు కావాలి. అప్పుడు ఒత్తిడి 493కి దిగుతుంది.

కొలత తీసుకోవలసిన చోటు కూడా ముఖ్యమే. షాఫ్టు మధ్యలో కాదు, అన్నిటికంటే సన్నగా ఉన్న చోట కొలవాలి. చాలా షాఫ్టుల్లో అది చివర పళ్లు కోసిన స్ప్లైన్ల గాడి అడుగు. విరిగే షాఫ్టులు ఎక్కువగా అక్కడే విరుగుతాయి.

ఇంకో హెచ్చరిక టైర్ల గురించి. ఎత్తు కోసం టైరు వ్యాసార్ధాన్ని 0.45 నుంచి 0.55 మీటర్లకు పెంచితే షాఫ్టు మీద భారం 22 శాతం పెరుగుతుంది. కాబట్టి ముందు టైరు తేల్చుకోవాలి, తరువాతే ఇరుసు.

రెండో ప్రశ్న: బరువు ఎవరు మోస్తున్నారు?

కార్లు, చిన్న వాహనాల్లో ఎక్కువగా ఉండేది సెమీ-ఫ్లోటింగ్ ఇరుసు. అందులో చక్రం నేరుగా షాఫ్టుకే బిగించి ఉంటుంది. షాఫ్టే తిప్పాలి, షాఫ్టే మోయాలి. బరువు వల్ల షాఫ్టు కొద్దిగా వంగుతుంది. అది తిరుగుతోంది కాబట్టి ఈ క్షణంలో పైన ఉన్న వైపు మరుక్షణంలో కిందికి వస్తుంది. సాగిన చోటే నొక్కుకుంటుంది, నొక్కుకున్న చోటే సాగుతుంది. 0.45 మీటర్ల టైరు కిలోమీటరుకు సుమారు 354 సార్లు తిరుగుతుంది. అంటే 2,800 కిలోమీటర్లు దాటేసరికి షాఫ్టు పది లక్షల సార్లు అటూ ఇటూ వంగినట్టు. తీగను పదేపదే వంచితే తెగినట్టే, ఒకసారి వంచితే ఏమీ కాని ఉక్కు కూడా ఇలా అలసి విరుగుతుంది. దీన్నే లోహపు అలసట అంటారు. సెమీ-ఫ్లోటింగ్ షాఫ్టు విరిగితే చక్రం కూడా దానితో పాటే బయటికి వచ్చేస్తుంది.

భారీ వాహనాలకు వాడేది ఫుల్-ఫ్లోటింగ్ ఇరుసు. ఇందులో హబ్ రెండు టేపర్ రోలర్ బేరింగుల మీద హౌసింగ్ చివరనే కూర్చుంటుంది. బరువంతా హౌసింగ్ మోస్తుంది. షాఫ్టుకు తిప్పే పని ఒక్కటే. ఒక రకంగా చెప్పాలంటే ఎడ్లబండి ఇరుసును బోలుగా చేసి, దాని లోపలి నుంచి తిప్పే కడ్డీని దూర్చినట్టు. షాఫ్టు విరిగినా చక్రం తన చోటనే ఉంటుంది. చక్రం నేల మీద ఉండగానే చివర బోల్టులు విప్పి విరిగిన షాఫ్టును బయటికి లాగవచ్చు. గుర్తు పట్టడం తేలిక. చక్రం మధ్యలో హబ్ ముందుకు పొడుచుకు వచ్చి, దాని చుట్టూ చిన్న బోల్టుల వలయం కనిపిస్తుంది. లారీ మార్పిడికి ఇది తప్పనిసరి అనుకోవాలి.

హౌసింగ్ వెడల్పును కూడా లెక్కలోకి తీసుకోవాలి. ముందు ఇరుసు మీద ఒక్కో వైపు 12,250 న్యూటన్ల బరువు పడుతుంటే, కమాను పట్టీ కూర్చునే చోటు నుంచి చక్రం మధ్యకు 40 సెంటీమీటర్లు ఉన్నప్పుడు వంపు భ్రామకం 4,900 న్యూటన్-మీటర్లు. వెడల్పైన ఇరుసు తెచ్చి, పట్టీలను పాత చాసిస్ దగ్గరే ఉంచడం వల్ల ఆ దూరం 50 సెంటీమీటర్లయితే అది 6,125కి పెరుగుతుంది. బండి నిలబడి ఉన్నప్పుడే నాలుగో వంతు అదనపు భారం. గోతిలో పడ్డప్పుడు ఇది ఎన్నో రెట్లవుతుంది.

మూడో ప్రశ్న: తిరుగుతూనే మలుపు ఎలా?

ముందు చక్రం మలుపు తిరిగినప్పుడు షాఫ్టు చివర కూడా వంగాలి. అక్కడ కీలు కావాలి. సాధారణ యూనివర్సల్ జాయింటుకు ఒక లోపం ఉంది. వంగి ఉన్నప్పుడు లోపలి షాఫ్టు ఒకే వేగంతో తిరుగుతున్నా బయటి షాఫ్టు సమవేగంతో తిరగదు. 30 డిగ్రీల వంపులో దాని వేగం ప్రతి చుట్టులో రెండు సార్లు 0.87 రెట్ల నుంచి 1.15 రెట్ల దాకా ఊగుతుంది. ఆ కుదుపు స్టీరింగ్‌లో చేతికి తెలుస్తుంది, జాయింటు మీద అదనపు భారం కూడా పడుతుంది. ఈ లోపాన్ని తీర్చడానికి పుట్టినవే సమవేగ జాయింట్లు. వాటిలో ఉక్కు గుళ్లతో పనిచేసే ర్జెప్పా జాయింట్ 1920ల నాటిది.

నెమ్మదిగా నడిచే లారీకి పెద్ద యూనివర్సల్ జాయింట్ సరిపోతుంది. అయితే చక్రాలు పూర్తిగా తిప్పి ఉన్నప్పుడు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కకూడదు. ముందు ఇరుసులో బలహీనమైన చోటు చాలా సార్లు ఇదే.

నాలుగో ప్రశ్న: రెండు ఇరుసుల లెక్క ఒకటేనా?

పినియన్ ఎన్ని చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుందో అదే ఇరుసు నిష్పత్తి. ముందు, వెనుక ఇరుసులకు ఇది ఒకటే కావాలి. ముందు 6.72, వెనుక 6.5 ఉంటే తేడా సుమారు 3.4 శాతం. అంటే ప్రతి కిలోమీటరుకు ఒక ఇరుసు టైర్లు దాదాపు 34 మీటర్లు జారి తీరాలి. బురదలో జారిపోతాయి. తారు రోడ్డు మీద జారనివ్వకపోతే షాఫ్టులు, గేర్లు స్ప్రింగులా మెలిపడి, చివరికి ఏదో ఒకటి విరుగుతుంది. టైర్ల సైజు తేడా ఉన్నా ఇదే ఫలితం.

నిష్పత్తులు సరిపోయినా తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేసుకుని మలుపు తిరగకూడదు. వెనుక ఇరుసు మధ్యభాగం 8 మీటర్ల వ్యాసార్ధంలో తిరుగుతుంటే, 4 మీటర్ల ముందున్న ముందు ఇరుసు మధ్యభాగం సుమారు 8.94 మీటర్ల వ్యాసార్ధంలో తిరుగుతుంది. దాదాపు 12 శాతం ఎక్కువ దూరం. రెండు ఇరుసులను సర్దే మధ్య డిఫరెన్షియల్ లేని ట్రాన్స్‌ఫర్ కేస్ దీన్ని భరించలేదు. అలాంటి బండిలో ఫోర్ వీల్ జారే నేలకు మాత్రమే.

నిష్పత్తి ఎంత ఉండాలన్నది వేరే విషయం. అమెరికా సైన్యపు ఎం-35 లారీల రెండున్నర టన్నుల రాక్‌వెల్ ఇరుసులు మార్పిడి చేసేవారికి బాగా తెలిసినవి. వాటి నిష్పత్తి 6.72. గేర్ల తగ్గింపు రెండు అంచెల్లో జరుగుతుంది. ప్రొపెల్లర్ షాఫ్టు పైభాగంలో చేరుతుంది కాబట్టి ఎత్తైన బండిలో దాని వాలు తక్కువగా ఉంటుంది. నిష్పత్తి పెద్దదైతే ఇంకో మేలు కూడా ఉంది. ఇరుసు దగ్గర 8,820 న్యూటన్-మీటర్లు కావాలంటే ప్రొపెల్లర్ షాఫ్టు మీద సుమారు 1,312 చాలు. నిష్పత్తి 4.1 అయితే అక్కడ 2,151 కావాలి.

ఆ మేలుకు ధర వేగం. ఇంజిన్ గరిష్ఠంగా నిమిషానికి 2,800 చుట్లు తిరిగే పాత డీజిల్ అయితే, నేరుగా నడిచే టాప్ గేరులో 0.45 మీటర్ల టైరుతో 6.72 నిష్పత్తి దాదాపు 71 కిలోమీటర్ల వేగం దగ్గర ఆగిపోతుంది. పెద్ద టైరు వేస్తే 86 దాకా వెళ్లవచ్చు, కానీ షాఫ్టు మీద భారం పెరుగుతుంది. ఒకటి కావాలంటే ఇంకోటి వదులుకోవాలి.

మరిచిపోయే విషయాలు

డిఫరెన్షియల్ ఉబ్బు ఏ వైపు ఉందో చూసుకోవాలి. ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి ముందుకు వచ్చే షాఫ్టు ఎడమ వైపుంటే, కుడి వైపు ఉబ్బున్న ఇరుసు పనికిరాదు. ఇరుసును తలకిందులు చేసి బిగిస్తే చక్రాలు వెనక్కి తిరుగుతాయి, పినియన్ బేరింగులకు నూనె అందదు. వెనుక ఇరుసు కోసం కోసిన గేర్లను ముందు వాడితే, బండి ముందుకు వెళ్లేటప్పుడు పళ్ల బలహీనమైన వైపు భారం పడుతుంది.

ప్రొపెల్లర్ షాఫ్టు కోణం సరిచేయడానికి ముందు ఇరుసును మెలితిప్పి బిగించేవారు ఉంటారు. అలా చేస్తే కింగ్ పిన్ వెనక్కి వాలి ఉండే కోణం పోతుంది. సైకిల్ ముందు ఫోర్కు వాలుగా ఉండబట్టే హ్యాండిల్ తనంతట తాను నేరుగా వస్తుంది. లారీలో ఆ వాలు పోతే వేగంలో చక్రాలు వణుకుతాయి.

బ్రేకులను చివరి పనిగా చూడకూడదు. గాలి బ్రేకుల ఇరుసును హైడ్రాలిక్ బ్రేకుల లారీకి నేరుగా కలపలేం. డ్రమ్ముల్లోని సిలిండర్లు మారితే మాస్టర్ సిలిండర్ కూడా దానికి తగ్గట్టు మారాలి. టైరు పెద్దదైన కొద్దీ అదే బ్రేకు బలహీనమవుతుంది. చక్రాల స్టడ్డుల సంఖ్య, వలయం ముందు వెనుక ఒకటే ఉంటే ఒక్క స్టెప్నీ సరిపోతుంది.

పాత ఇరుసును కొనేముందు నూనె దింపి చూడాలి. మెరిసే లోహపు పొడి, పాల రంగులోకి మారిన నూనె రెండూ చెడు సంకేతాలే. మొదటిది అరుగుదలకు, రెండోది నీరు చేరినందుకు గుర్తు. హౌసింగ్ వంకర పోయిందా, పాత వెల్డింగులు ఉన్నాయా, స్ప్లైన్లు మెలిపడ్డాయా చూడాలి. కంటికి కనిపించని పగుళ్లను రంగు ద్రవంతోనో, అయస్కాంత పొడితోనో బయటపెట్టే పరీక్షలు ఉన్నాయి. పోత పోసిన మధ్యభాగానికి ఎక్కడ పడితే అక్కడ వెల్డింగ్ చేయకూడదు. వేడి తగిలిన చోటు పెళుసై, పగుళ్లు అక్కడే మొదలవుతాయి.

బరువైనదల్లా మంచిదా?

కాదు. ఇరుసు కమాను పట్టీలకు కింద ఉంటుంది. దాని బరువును స్ప్రింగులు మోయవు, ప్రతి గోతిలోనూ అది నేరుగా దెబ్బ తింటుంది, టైరును నేల నుంచి ఎగరేస్తుంది. మధ్యలోని ఉబ్బు పెద్దదైతే రాళ్లకు తగులుతుంది. జర్మనీ యూనిమాగ్ వాహనం దీనికి వేరే దారి పట్టింది. తగ్గింపులో కొంత భాగాన్ని చక్రం దగ్గరికే తరలించింది. చక్రం దగ్గర టార్క్ రెట్టింపయితే, లోపలి షాఫ్టు సగం టార్క్ మోస్తే చాలు. మధ్య ఉబ్బు చిన్నదవుతుంది, నేల నుంచి ఎత్తు పెరుగుతుంది.

మన దేశంలో ఇంకో గీత కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు పేర్కొన్న మౌలిక వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా దీన్ని స్పష్టం చేసింది. కాబట్టి రోడ్డెక్కించాలనుకునే బండి విషయంలో రవాణా అధికారులను ముందే సంప్రదించాలి, పని మొదలుపెట్టాక కాదు. చాలామందికి మార్పిడి కంటే ఫ్యాక్టరీ నుంచే ఫోర్ వీల్ డ్రైవ్‌గా వచ్చిన పాత వాహనం కొనడమే చవక, సురక్షితం కూడా.

ఇంత లెక్క వేసినా ఏదో ఒక రోజు ఏదో ఒకటి విరుగుతుంది. తెలివైన ఎంపిక అంటే ఏమీ విరగని ఇరుసు కాదు, ముందు ఏది విరగాలో మనం నిర్ణయించిన ఇరుసు. టైరు ముందు జారాలి. అది జారకపోతే ఫుల్-ఫ్లోటింగ్ షాఫ్టో జాయింటో విరగాలి, ఎందుకంటే దాన్ని దారి పక్కన గంటలో మార్చుకోవచ్చు. క్రౌన్ పినియన్ ఆ తరువాత. హౌసింగ్, హబ్, స్టీరింగ్ కీళ్లు మాత్రం ఎప్పటికీ విరగకూడదు, ఎందుకంటే వాటి మీద బండి మాత్రమే కాదు, లోపల కూర్చున్న ప్రాణాలు కూడా నిలబడి ఉన్నాయి.